ఖాళీగా ఉండాల్సిన ప్లేటు

ఆమెను మా ల్యాబులో అందరం ప్లేట్లక్క అనేవాళ్లం. కొత్తగా చేరినవాళ్లు ఆమె క్యాంటీన్ మనిషేమో అనుకుని టీ తెమ్మనేవాళ్లు. ఆమె నొచ్చుకునేది కాదు. టీ తెప్పించి ఇచ్చి, వాళ్లు తాగేదాకా ఆగి, ఇప్పుడు రండి నా ప్లేట్లు చూపిస్తానంటూ వెచ్చటి గదిలోకి తీసుకెళ్లేది. అక్కడ అరల నిండా అరచేతి వెడల్పున గుండ్రటి మూతల ప్లేట్లుండేవి. కొన్నింటి మీద బ్యాక్టీరియా మీగడ తరకలా పరుచుకుని ఉండేది. కొన్ని ఖాళీగా ఉండేవి. ఆమెకు జీతం ఇచ్చేది ఆ ఖాళీ ప్లేట్లు చూడటానికే.

మాది కోళ్లకు టీకా మందు తయారుచేసే సంస్థ. ఊరి చివర తోళ్ల గోదాముల వెనక పొడుగాటి మేడ. నేను చేరేనాటికి ఆమెకు యాభై దాటాయి. కళ్లజోడు ఎప్పుడూ ముక్కు చివరికి జారి ఉండేది. ప్లేటు చూసేటప్పుడు మాత్రం దాన్ని నెత్తి మీదికి తోసేసి ఒట్టి కళ్లతో చూసేది. భర్త దూరాలకు లారీ తోలేవాడు, ఇంట్లో చుట్టంలా కనిపించేవాడు. కూతురు పెళ్లయి అదే ఊళ్లో వేరే పేటలో కాపురముండేది. ఇంట్లో మిగిలింది ఆమే, ఆమె మామగారూ.

మామగారు బతుకంతా ఓడరేవులో బస్తాలు మోసిన మనిషి. ఎనభై దగ్గర పడుతున్నా మెడ ఎద్దు మూపురంలా ఉండేది. పొద్దున లేవగానే రెండు పచ్చిగుడ్లు గ్లాసు అంచుకు కొట్టి గుటుక్కున మింగి, మీసం తుడుచుకుని, ఇంజినుకు నూనె పోశానని చెప్పేవాడు. ఆ గుడ్లు ప్లేట్లక్క తమ్ముడి కోళ్ల షెడ్డు నుంచి వచ్చేవి. సాయంత్రం కోడలు ఇంటికి రాగానే, ఇవాళేం చేశావని అడిగేవాడు. ఏమీ లేదని చూసి వచ్చానని ఆమె చెప్పేది. ఏమీ లేదని చూసినందుకు జీతమిస్తారా, మా రేవులో ఏమీ మొయ్యనందుకు ఒక్కడూ కూలి ఇచ్చిన పాపాన పోలేదే అని ఆయన నవ్వేవాడు. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు, అదే నవ్వు. మామా కోడళ్లు అంత సఖ్యంగా ఉండటం వీధిలో కొందరికి కడుపుమంటగా కూడా ఉండేది.

ఆ 'ఏమీ లేకపోవడం' ఎందుకంత ముఖ్యమో నేను చేరిన కొత్తలోనే మా మేడమ్ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ల్యాబుకు ఆవిడే పెద్ద. నడక వడి, మాట నిదానం.

మా టీకాలో ఉండేది చచ్చిన బ్యాక్టీరియా కాదు, బతికున్నదే. అది కోళ్ల పేగుల్లో చేరి, గుడ్ల ద్వారా మనుషులకు జ్వరాలూ విరేచనాలూ తెచ్చే జాతిది. దాన్ని చంపకుండా, ఒంట్లో ఎక్కువకాలం బతకలేనట్టు చేశారు. ప్రతి బ్యాక్టీరియాకూ ప్రొటీన్లు కట్టుకోవడానికి అమైనో ఆమ్లాలు కావాలి. చుట్టూ దొరికితే తీసుకుంటుంది. దొరక్కపోతే వరసగా కొన్ని ఎంజైములను పనిలో పెట్టి తానే తయారుచేసుకుంటుంది. బయట తిండి ఉన్నంతసేపు ఆ ఎంజైములను ఊరికే నడపదు. లోపల పోగుపడిన అమైనో ఆమ్లమే వెళ్లి వరసలో మొదటి ఎంజైముకు అతుక్కుని దాని పని ఆపేస్తుంది. అదే ఇంకోపక్క ఒక కాపలా ప్రొటీన్‌తో కలిసి జన్యువు మీద కూర్చుని, కొత్త ఎంజైములు తయారవకుండా అడ్డుపడుతుంది. తిండి అయిపోగానే ఆ అడ్డం తొలగుతుంది, వంట మళ్లీ మొదలవుతుంది.

"అత్తారింట్లో మూడు పూటలా పెడుతుంటే ఇల్లరికపు అల్లుడు పొయ్యి ముట్టిస్తాడా? ఇదీ అంతే," అంది మేడమ్.

మా టీకా బ్యాక్టీరియాలో ఆ వరసలోని ఒక ఎంజైమును పాడుచేశారు. ఎప్పుడో పాతికేళ్ల కిందట, దాని జన్యువులో ఒక్క అక్షరం మార్చి. ఆ వరసలో మూడు అమైనో ఆమ్లాలతోపాటు మరో చిన్న పదార్థం కూడా తయారవుతుంది. అది కోడి ఒంట్లో దొరకదు. అందుకని మా బ్యాక్టీరియా కోడి కడుపులో చేరి, కొన్నాళ్లు తిరిగి, కోడి ఒంటికి తన ఆనవాలు నేర్పి, వంట చేసుకోలేక పస్తులతో చస్తుంది. ఫ్యాక్టరీలో మాత్రం అన్నీ కలిపిన చిక్కటి రసంలో హాయిగా పెరుగుతుంది.

ప్లేట్లక్క పని ప్రతి బ్యాచి నుంచీ కొంత తీసి, చక్కెరా ఉప్పులూ తప్ప ఇంకేమీ లేని సాదా ప్లేటు మీద పరచడం. పొయ్యి పాడైన బ్యాక్టీరియా దాని మీద మొలవకూడదు. ఆమె పనిచేసిన అన్నేళ్లలో ఎప్పుడూ మొలవలేదు.

ఆ వర్షాకాలం ఒక ఉదయం మొలిచింది. ప్లేటు అంచుకు కొంచెం లోపలగా ఆవగింజంత తెల్లచుక్క. ఆమె కళ్లజోడు నెత్తి మీదికి తోసి చూసింది. మళ్లీ కిందికి దించుకుని చూసింది. నన్ను పిలిచి, నీవి కుర్ర కళ్లు, నువ్వు చూడమంది. ఉందన్నాను. గాలిలోంచి పడిన చెత్త అయ్యుంటుందనీ, నిన్న తలుపు సరిగ్గా పడలేదనీ తనకు తానే చెప్పుకుంది. మేడమ్‌కి చూపించినప్పుడూ అదే చెప్పింది. నా చేతి తప్పేనండీ అని ఒప్పేసుకోబోయింది కూడా. తప్పు తనదైతే బాగుండునని ఆమె మొహంలో అంత ఆశ ఉంది.

మేడమ్ ఆ చుక్కను సూదితో తాకి ఎర్రరంగు ప్లేటు మీద గీసింది. మా బ్యాక్టీరియాకు ఇంకో గుర్తుండేది: ఒక చక్కెరను అది తినలేదు, అందువల్ల ఎర్ర ప్లేటు మీద తెల్లగా మిగిలిపోతుంది. బయటి నుంచి వచ్చి పడినదైతే ఎర్రబడాలి. మర్నాడు చూస్తే గీత పొడుగునా తెల్లగా ఉంది.

"మనదే. పొయ్యి బాగుచేసుకుంది," అంది మేడమ్.

జన్యువులో మారిన ఆ ఒక్క అక్షరం, కోట్లలో ఎక్కడో ఒకదానిలో, మళ్లీ యథాస్థానానికి వచ్చింది. అది ఎప్పటినుంచి ఉందో చెప్పలేమని ఆవిడ అంది. చిక్కటి రసంలో తిండి నిండుగా ఉంటుంది కదా, అక్కడ పొయ్యి పాడైనదీ ముట్టించదు, బాగైనదీ ముట్టించదు. రెండూ ఒకేలా తింటాయి, ఒకేలా పెరుగుతాయి. ఎంత చూసినా తేడా తెలియదు. ఆకలి వేసిన చోటే తెలుస్తుంది. ఆకలి వేసే చోటు సాదా ప్లేటు, లేదంటే కోడి ఒళ్లు.

మేడమ్ ఆ పూటే సరుకు బయటికి వెళ్లకుండా ఆపించింది. ఇంతకుముందు పంపిన బ్యాచిల నమూనాలు చల్లటి గదిలో ఉంటాయి, వాటినన్నిటినీ ఈసారి ఎక్కువ మోతాదులో సాదా ప్లేట్ల మీద వేయమంది. ఫలితం తేలేదాకా ఎవరూ బయట నోరు జారొద్దని గట్టిగా చెప్పింది. పుకారు పుడితే జనం ఏం చేస్తారో ఎవరి చేతిలోనూ ఉండదంది.

ప్లేట్లక్క సాయంత్రందాకా ప్లేట్లు వేసింది. వెనకటి బ్యాచి తమ్ముడి షెడ్డుకు ఇప్పించింది తనే. గుడ్లు పెట్టే ముందు వేయించరా, మన చేతి మందు, కళ్లు మూసుకుని వేయించొచ్చు అని చెప్పిందీ తనే.

ఆమె ఇంటికి పోలేదు. బస్సెక్కి తమ్ముడి దగ్గరికి పోయింది. తర్వాత చాలాకాలానికి ఆ సాయంత్రం సంగతి నాకు చెప్పింది. షెడ్డులో దీపాలన్నీ వెలుగుతున్నాయట. వరసలు వరసలుగా కోళ్లు మేత తొట్టెల మీద తలలు ఆడిస్తున్నాయట, ఒక్కటీ నలతగా లేదట. తమ్ముడు బాతాఖానీ మనిషి, అక్క వచ్చిందని సంబరపడి స్టూలు తెచ్చి వేశాడు. ఆమె కూర్చోకుండానే విషయం చెప్పింది. ఇంకా తేలలేదని, అనుమానమేనని, రెండు రోజులు గుడ్లు బయటికి పంపకుండా పక్కన పెట్టమని అడిగింది. కోళ్లను అమ్మొద్దంది.

అతను మేత తొట్టె అంచు గోళ్లతో గోకాడు.

"తేలితే ఏం చేస్తారక్కా?"

"వచ్చి చూస్తారు. మందులిస్తారేమో."

"మందులివ్వరు. పోయినేడు పక్క షెడ్డుకి తెగులొచ్చిందని నావి కూడా గోతిలో వేశారు. నాకు తెలుసు వాళ్లేం చేస్తారో."

"రెండు రోజులేరా. నా మాట విను."

"నీ మాట వినే కదా ఆ మందు వేయించాను," అన్నాడు. ఆ మాట అన్నాక తనే నొచ్చుకుని, సరేలే అక్కా, పక్కన పెడతాను, నువ్వు కంగారుపడకు అని బస్టాపుదాకా వచ్చి దిగబెట్టాడు.

ఇంటికొచ్చి మామగారి ముందు కూర్చుని, ఇక పచ్చిగుడ్లు మానేయమంది. తమ్ముడు పంపినవన్నీ సంచిలో కట్టి పక్కన పెట్టేసింది. ఎందుకని ఆయన అడిగితే కారణం చెప్పలేదు. కారణం చెప్పకుండా మాను అంటే ఎద్దు కూడా వినదని ఆయన విసుక్కున్నాడు. చివరికి ఆమె మొహం చూసి ఏమనుకున్నాడో, సరే నీ తమ్ముడి గుడ్లు ముట్టనులే అన్నాడు. ఆయన మాటంటే మాటే. తమ్ముడి గుడ్లు ముట్టలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే వీధి మలుపులో కొట్టుకు నడిచిపోయి, అక్కడే రెండు కొనుక్కుని, అక్కడే మింగి వచ్చేవాడు.

ఆ కొట్టుకు గుడ్లు ఎక్కడివో ఆయనకు తెలియదు. ఆమెకూ తెలియదు. అక్క బస్సెక్కిన మర్నాడే తమ్ముడు గుడ్లన్నీ చవగ్గా వ్యాన్లకెత్తించాడు. కోళ్లను కూడా మాంసం దుకాణాలకు తోలించేశాడు. అనుమానమే కదా, తేలేలోపు ఖాళీ చేసుకుంటే నష్టమంతా తన ఒక్కడి నెత్తిన పడదని లెక్క వేసుకున్నాడు. దొంగబుద్ధి ఉన్న మనిషి కాదు. ఒకసారి గోతిలో పోసినవాడు, రెండోసారి పోయలేకపోయాడు.

పాత నమూనాల ప్లేట్లు తెరిచిన రోజు గది నిండా అందరం ఉన్నాం. ప్లేట్లక్క ఒక్కొక్క మూతా తీసి చూసి పక్కన పెడుతోంది. చివరి బ్యాచి ప్లేటు మీద చుక్కలు. దానికి వెనకటిదాని మీద చుక్కలు. ఇంకా వెనక్కి పోయినకొద్దీ తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. ఏ ఏటి నమూనా తీసినా ఎక్కడో ఒకటి కనిపిస్తూనే ఉంది. ఆఖరికి మేడమ్ తల్లి గొట్టం తెరిపించింది. అన్ని బ్యాచిలకూ మొదటి విత్తనం అందులోంచే తీస్తారు. దాని ప్లేటు మీద కూడా ఒకటి మొలిచింది. మేడమ్ ఆ ప్లేటుకు మూత వేసి, ఇన్నాళ్లూ మనం పరిచింది మరీ తక్కువని మాత్రం అంది. ఆ పరిచే మోతాదు నిర్ణయించిన పెద్దల్లో ఆవిడా ఒకరు.

పశువైద్య శాఖ అధికారులు తమ్ముడి షెడ్డుకు వెళ్లేసరికి నేల కడిగి సున్నం చల్లి ఉంది. ఒక్క ఈక లేదు. ముందుగా ఎవరో చెప్పారని అందరికీ అర్థమైంది. మేడమ్ మమ్మల్నందరినీ నిలబెట్టి అడగకముందే ప్లేట్లక్క ముందుకొచ్చింది.

"నేనే చెప్పానండి. ఆపుతాడనుకున్నాను."

మేడమ్ కేకలు వేస్తుందనుకున్నాం. వేయలేదు. "ఎవరెవరికి అమ్మాడో అతని నోటితో చెప్పించగలవా?" అని మాత్రం అడిగింది.

తమ్ముడు ముందు చెప్పనన్నాడు. ఆమె వాళ్ల ఇంటి గుమ్మంలోనే కూర్చుంది. మరదలు తలుపు వేసుకుంది. పొద్దు వాలేవేళకు తమ్ముడు బయటికొచ్చి మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. ఒక్కో కొట్టు పేరూ చెప్పుకుంటూ పోయాడు. అందులో ఆమె వీధి మలుపులోది కూడా ఉంది. ఆమె ఆ పేరును మళ్లీ అడిగి చెప్పించుకుంది.

అప్పటికే మామగారికి రెండు రోజులుగా జ్వరం. వానలో తడిశాను, అంతే, అంటున్నాడు. ఆమె ఇంటికి చేరేసరికి మంచం దిగలేని స్థితిలో ఉన్నాడు. ఆ రేవు మనిషిని ఇద్దరు పట్టుకుని ఆటోలో ఎక్కించాల్సి వచ్చింది. ఆసుపత్రిలో మంచాలు నిండి ఉన్నాయి. ఒక హాస్టలు పిల్లలు, ఒక ఫ్యాక్టరీ మెస్సులో తిన్నవాళ్లు, ఇంకా ఎవరెవరో. చాలామంది వారం తిరక్కుండా ఇళ్లకు పోయారు. ఒక ముసలామె మాత్రం ఆసుపత్రిలోనే కన్నుమూసింది.

పోల్చి చూడటానికని ఆసుపత్రి నమూనాలు మా ల్యాబుకే వచ్చాయి. పేర్లుండవు, అంకెలే. అప్పటికింకా ప్లేట్ల గదిలో ఉన్నది ప్లేట్లక్కే. ఎర్ర ప్లేట్ల మీద తెల్లటి చుక్కలు, సాదా ప్లేట్ల మీద ఒత్తుగా మొలక. చూసి, మనవే అని మేడమ్‌కి చెప్పింది. వాటిలో ఒకటి మామగారిదని తర్వాత ఆసుపత్రిలో తెలిసింది. ఏది ఆయనదో తెలియకపోవడమే మంచిదయింది, తెలిస్తే చెయ్యి ఆగేదేమో అంది నాతో.

సంస్థ కొంతకాలం మూతపడింది. తెరిచాక పాత బ్యాక్టీరియాను మొత్తం కాల్చేశారు. ఒక అక్షరం మార్చినది కాకుండా, రెండు జన్యువులను మొదలంటా కోసి తీసేసిన కొత్త దాన్ని మేడమ్ తెప్పించింది. అక్షరం తిరిగి రాగలదు గానీ లేని జన్యువు తిరిగి రాలేదని ఆవిడ నమ్మకం. ప్లేట్లక్కను గాజు సామాను కడిగే విభాగానికి మార్చారు. ఆమె ఎదురు చెప్పలేదు. ఆమె స్థానంలో నన్ను కూర్చోబెట్టారు. తమ్ముడి మీద కేసు నడిచింది. అతను షెడ్డు అమ్ముకుని వేరే ఊరికి పోయాడు. మరదలు ఇప్పటికీ ఆమెతో మాట్లాడదు.

మామగారు కోలుకున్నాడు. కోలుకున్నాడనే అందరం అనుకున్నాం. ఆకలి తిరిగొచ్చింది, మెడ మళ్లీ నిలబడింది. అయితే ఆసుపత్రివాళ్లు నెల తర్వాత మళ్లీ మలం నమూనా అడిగారు. నేనే ప్లేటు వేశాను. తెల్లచుక్కలు. ఆ మరుసటి నెలా అంతే. పిత్తాశయంలో ఒక పాత రాయి ఉందనీ, ఆ రాయిని పట్టుకుని బ్యాక్టీరియా కాపురం పెట్టిందనీ డాక్టర్ చెప్పాడు. మందులకు కొన్నాళ్లు అణుగుతుంది, మళ్లీ లేస్తుంది. కోసి తీసేద్దామంటే ఈ వయసులో గుండె మత్తుమందు తట్టుకోదు. ఆయనకు ఏ బాధా లేదు. ఆయన చేతుల మీదుగా ఇంకొకరికి పోవచ్చు, అంతే. చేతులు కడుక్కోవడం, వంట ముట్టకపోవడం, వేరే స్నానాలగది. ఇవి మాత్రం పాటించాలన్నారు.

ఆయన పాటించాడు. వెనక గదికి తనే మంచం మార్చుకున్నాడు. జీవితంలో సబ్బు ఇంతగా అరగదీయలేదమ్మాయ్ అని హాస్యమాడేవాడు. ఒక నెల ప్లేటు ఖాళీగా వచ్చింది. నేను పరుగున వెళ్లి సీసాలు కడుగుతున్న ప్లేట్లక్కకు చెప్పాను. ఆమె చేతులు తుడుచుకోకుండానే, "వచ్చే నెల చూద్దాం," అంది. వచ్చే నెల చుక్కలున్నాయి.

కూతురికి కాన్పయింది. మగపిల్లాడు. బిడ్డను తాతయ్య దగ్గరికి తీసుకురాలేమని కూతురు ఫోనులో ఏడ్చింది. ఆయనే సర్దిచెప్పాడు. తాను వీధికి అవతల నిలబడతాననీ, బిడ్డను కిటికీలోంచి చూపిస్తే చాలనీ అన్నాడు. ఒక ఆదివారం మామా కోడళ్లు బస్సులో వెళ్లారు. ఆమె పైకి వెళ్లి, చేతులు మోచేతులదాకా కడుక్కుని, బిడ్డను ఎత్తుకుని కిటికీ దగ్గరికి వచ్చింది.

ఆయన ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి కాసేపు దించలేదు. పక్కన ఎవరో పోతుంటే ఆపి కిటికీ వైపు చూపించాడు. ఆ సంతోషంలో పక్కనున్న రొట్టెల కొట్టు ముందుకు నడిచాడు. బయట బల్ల మీద మూత లేని బుట్టలో బన్నులున్నాయి. ఏదో ఒకటి కొని పంచుదామనుకున్నాడు కాబోలు. మెత్తగా ఉన్నాయో లేదో అని ఒక్కొక్కదాన్నీ వేళ్లతో నొక్కి చూడటం మొదలుపెట్టాడు. బస్సులో అంతసేపు కడ్డీలు పట్టుకుని, దారిలో మరుగుదొడ్డికి వెళ్లి, సబ్బు లేకుండానే కడుక్కుని వచ్చిన చేతులవి.

ఆమె కిటికీలోంచి పిలిచింది. ఆయనకు వినపడలేదు. బిడ్డను కూతురి చేతుల్లో పడేసినట్టు పెట్టి, చెప్పుల్లేకుండా మెట్లు దిగింది. ఒక ట్రక్కు అడ్డం వచ్చింది. అది పోయాక దాటి వెళ్లి, బుట్ట మొత్తం కావాలంది కొట్టతనితో. అతను వింతగా చూశాడు. మామగారు తన చేతుల వైపు చూసుకుని, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవరైనా కొన్నారా ఇందాక?" అని అడిగిందామె.

ఇప్పుడే ఒకావిడ రెండు తీసుకెళ్లిందని కొట్టతను చెప్పాడు. ప్లేట్లక్క వీధి రెండు కొసలకూ చూసింది. ఆదివారం, మనుషులు కిక్కిరిసి ఉన్నారు. సగంమంది చేతుల్లో కాగితం పొట్లాలున్నాయి.